రెండు గంటలు

"ఏందమ్మా అమలమ్మా, నా చెప్పులేసుకొని యాడికి ఉర్కుతున్నవ్?"

గేటు తీయబోతున్న అమల ఉలిక్కిపడి కాళ్ళవైపు చూసుకుంది. నిజమే, అవి కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు లచ్చమ్మ చెప్పులు. వెనక్కి వెళ్ళి మార్చుకునే తీరిక లేదు.

"సింధూర ఒక్కతే వెళ్ళిపోయింది లచ్చమ్మగారూ. ఎల్బీ నగర్‌కి."

"పోతే ఏమాయె? ఇరవై ఆరేండ్ల పిల్ల. దిల్‌సుఖ్‌నగర్‌ల మెట్రో ఎక్కితే మూడో స్టేషనే గదా. జర గాలి ఆడనియ్యి బిడ్డకు."

"మీకు తెలీదండీ" అంటూనే అమల రోడ్డెక్కింది.

లచ్చమ్మకి నిజంగానే తెలీదు. ఆ ఇంట్లో జబ్బు సంగతి తల్లీకూతుళ్ళకి తప్ప మూడో మనిషికి తెలీదు. ఆర్నెల్ల క్రితం డాక్టరు ఫైలు మీద 'డిపెండెంట్ పర్సనాలిటీ డిజార్డర్' అని రాసి, విడమరిచి చెప్పాడు. పక్కన మనిషి లేకపోతే ఊపిరాడదట. ఏ చిన్న నిర్ణయానికైనా ఇంకొకరి మొహం చూస్తారట. వదిలేసి పోతారేమోనన్న భయం ఎప్పుడూ పీక్కుతింటుందట. దీనికి మందులకన్నా కౌన్సెలింగే ముఖ్యమన్నాడు. అప్పట్నుంచి ప్రతి గురువారం ఇద్దరూ కలిసే ఎల్బీ నగర్ వెళ్ళొస్తున్నారు.

ఈ గురువారానికి మాత్రం కౌన్సెలర్ గీత కొత్త పని పెట్టింది. రెండు గంటలు తల్లీకూతుళ్ళు ఎవరి చోట వాళ్ళుండాలి. ఫోన్లు చేసుకోకూడదు. ఇది గట్టెక్కితే సింధూర సోమవారం బెంగళూరు వెళ్ళి ఉద్యోగంలో చేరొచ్చు. లేదంటే ఇప్పట్లో ఆ మాటే ఎత్తొద్దంది. ఇప్పటికే రెండు ఉద్యోగాలు చేజారిపోయాయి. రెండోసారైతే పిల్ల బస్సెక్కి కూర్చుని కూడా ఏడ్చుకుంటూ దిగొచ్చేసింది.

జబ్బు ఉందని వాళ్ళే చెప్పి, మళ్ళీ వాళ్ళే ఒంటరిగా వదిలేయమంటే అదేం వైద్యమో అమలకి అంతుబట్టలేదు. దారిలో ఏదైనా జరిగితే ఆ గీత వస్తుందా?

స్టేషన్లో టికెట్ తీసుకోవడానికే పది నిమిషాలు పట్టింది. ఎప్పుడూ ఇద్దరి టికెట్లూ సింధూర ఫోన్లోనే ఉండేవి. ప్లాట్‌ఫామ్ మీదికి వచ్చేసరికి, ఓ రైలు వదిలేసిందో ఏమో, సింధూర ఇంకా అక్కడే ఉంది. పసుపు పట్టీ పక్కనే నిలబడి పట్టాలకేసి చూస్తోంది.

అమల గుండె జారిపోయింది. వెనక్కి జరగవే అని అరవాలనుకుంది. అరిస్తే బెంగళూరు పోయినట్టే. అరవకపోతే, ఆ పిల్ల ఏమైనా చేసుకుంటే?

"ఆంటీ, గట్ల చెమటలు పడుతున్నయేంది? పరేషాన్ అవకుండ్రి, కూసోండ్రి" అంది పక్కనున్న అమ్మాయి. కోచింగ్ సెంటర్‌కి వెళ్తోంది కాబోలు, వీపున బరువైన బ్యాగుంది.

"నాకేం లేదమ్మా. అదిగో, మా అమ్మాయి. నువ్వైతే పిలుస్తావా, పిలవవా?"

"నాకెట్ల తెలుస్తది ఆంటీ?"

"ఏదో ఒకటి చెప్పమ్మా, నీకు పుణ్యముంటుంది!"

ఆ అమ్మాయి వింతగా చూసి పక్కకి జరిగింది. ఇంతలో రైలొచ్చింది. సింధూర ఆడవాళ్ళ పెట్టెలోకి ఎక్కింది. అమల అదే పెట్టెలో ఇంకో చివర ఎక్కి, ఓ లావుపాటి ఆవిడ వెనక నక్కింది.

చైతన్యపురి వచ్చేలోపు సింధూర రెండుసార్లు ఫోన్ తీసి, మళ్ళీ బ్యాగులో పెట్టేసింది. విక్టోరియా మెమోరియల్ దాటాక చున్నీతో కళ్ళు తుడుచుకుంది. అమల నోరు ఎండిపోయింది. దగ్గరికెళ్ళి గుండెలకి హత్తుకుంటే ఆ ఏడుపూ తీరిపోతుంది, తన భయమూ తీరిపోతుంది. కమ్మీని గట్టిగా పట్టుకుని నిలబడింది.

ఎల్బీ నగర్‌లో దిగాక సింధూర చకచకా నడిచింది. క్లినిక్ రెండో అంతస్తులో ఉంది. సగం మెట్లెక్కి, అక్కడే ఆగిపోయింది. రెయిలింగ్ పట్టుకుని సగం వెనక్కి తిరిగింది. కింద అమల జిరాక్స్ షాపు బోర్డు చాటుకి తప్పుకుంది.

వెనక్కి వచ్చేస్తే బాగుండు అనిపించింది అమలకి. చక్కగా ఇద్దరూ కలిసి ఇంటికెళ్ళిపోవచ్చు. ఆ కోరిక పుట్టినందుకు సిగ్గేసింది. కానీ కోరిక మాత్రం పోలేదు.

సింధూర మిగతా మెట్లెక్కేసింది.

అమల మెల్లగా పైకి వెళ్ళింది. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల గీత గొంతు వినిపించింది.

"ఏంది సింధూరా, కండ్లు ఎర్రగైనయ్? ఏడ్చినవా?"

"దార్లో కొంచెం ఏడ్చాను మేడమ్. ఫోన్ చేద్దామని రెండుసార్లు తీశాను. చేయలేదు. మెట్ల మీదైతే వెనక్కి వెళ్ళిపోదామనిపించింది."

"మరి పోలేదు గదా. శభాష్! బెంగళూరు సంగతేంది?"

"ఆదివారం రాత్రికి టికెట్ తీసేశాను."

సింధూర నవ్వింది. కూతురు అంత గట్టిగా నవ్వగా విని ఎన్నాళ్ళయిందో అమలకి గుర్తు రాలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తలుపు మీద చెయ్యి వేసింది గానీ తోయడానికి ధైర్యం చాలలేదు.

"అంత నమ్మకం ఎట్లొచ్చింది?" అంది గీత.

"ముప్పావుగంట నుంచి మీ పేషెంటు ఇంట్లో ఒక్కతే ఉంది మేడమ్!"