వడ్రంగిపిట్ట చప్పుడు

దారికి అడ్డంగా ఒక మనిషి నిలబడ్డాడు.

సుప్రియ ఉలిక్కిపడి ఆగిపోయింది.

మాసిన గడ్డం. భుజాన ముళ్ళకంప. చేతిలో కొడవలి.

"ఎవరప్పా నువ్వు? పక్కకు జరుగు. ఆ మాను దగ్గరికి పోవాల."

అతను మాట్లాడలేదు. కొడవలి ఉన్న చెయ్యే ఊపుతూ, వెనక్కి పొమ్మన్నట్టు రెండడుగులు ముందుకు వేశాడు.

ఆమె పక్కనుంచి తప్పుకుని పోబోయింది. చటుక్కున మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాడు.

సుప్రియ కేక పెట్టింది.

మదనపల్లెలో ఆమెది ల్యాబ్ ఉద్యోగం. సెలవు దొరికితే చాలు, పిట్టల వెంట తిరుగుతుంది. కుప్పం అవతల అడవి అంచున ఎండిపోయిన మానులో వడ్రంగిపిట్ట గూడు తొలుస్తోందని స్నేహితురాలు గీత చెబితే, ఆ ఊరొచ్చి గీత ఇంట్లోనే దిగింది.

కేక విని గీత మొగుడు మునికుమార్ తన మల్బరీ తోటలోంచి పరుగెత్తుకొచ్చాడు. వెనకే నలుగురు కూలీలు.

"వీడేనమ్మా! వారం నుంచి ఈడే తిరగతాండాడు. కంప కొట్టేది, అడవిలోకి మోసుకుపోయేది. ఉచ్చులు పెడతాండాడు. ఏ ఊర్రా నీది?"

జవాబు లేదు.

"అడగతాండేది నిన్నే! నోట్లో ఏం పెట్టుకోనుండావు?"

అతను కొడవలి కింద పడేశాడు. రెండు చేతులూ జోడించాడు. తరవాత వెనక ఉన్న లంటానా పొదల వైపు చూపించాడు. మళ్ళీ చేతులు జోడించాడు.

ఎవరో రాయి విసిరారు. చెవి పక్కన తగిలింది. రెండో రాయి లేచేసరికి అతను ఆ పొదల్లోకే పరుగెత్తాడు.

కంప విరిగిన చప్పుడైంది. ఆ తరవాత ఏమీ వినిపించలేదు.

"ఇంక ఈ తట్టుకు రాడులేమ్మా," అన్నాడు మునికుమార్.

మర్నాడు పొద్దున్నే మునికుమార్ ఆమెను తన తోటలోంచి అడ్డదారిన మాను దగ్గరికి తీసుకుపోయాడు.

వడ్రంగిపిట్ట కనిపించింది. పసిడి వీపు, ఎర్రటి జుట్టు. తోకను మానుకు ఊతంగా పెట్టుకుని తొర్ర అంచును పొడుస్తోంది. చెక్కపేడు రాలి కింద పడుతోంది. ఉన్నట్టుండి అరుచుకుంటూ ఎగిరిపోయింది.

అడవంతా మూగబోయింది. ఆకు కూడా కదలడం లేదు.

టక్. టక్. టక్.

"ఇంగోటుండాది! జతపిట్ట!" సుప్రియ గబగబా ఫోన్ తీసి రికార్డింగ్ పెట్టింది.

"యాడమ్మా? నాకేం కనపడలేదే."

"మనుషుల్ని చూస్తే మాను వెనక్కి తిరిగి నక్కుతుందన్నా. ఈడే యాడో ఉండాది."

చాలాసేపు వెతికారు. పిట్ట కనిపించలేదు. పట్టుపురుగులకు ఆకు వేసే వేళైందని మునికుమార్ తొందరపెట్టాడు. ఇద్దరూ వెనక్కి వచ్చేశారు.

మధ్యాహ్నం సుప్రియ మదనపల్లె బస్సెక్కింది. పలమనేరు దాటాక ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రికార్డింగ్ వింది.

పొద్దున ఆ పిట్ట కళ్ళెదుట పొడిచినప్పుడు చప్పుడు గింజలు రాలినట్టు గబగబా వచ్చింది. కాసేపు తొర్ర పై అంచున, కాసేపు కింద. ఇది అలా లేదు. ఒకేచోట, ఆగి ఆగి, ఎక్కడో అడుగు నుంచి వస్తోంది.

"ఈడే యాడో ఉండాది," అంది రికార్డింగ్‌లో తన గొంతు.

టక్‌టక్‌టక్‌టక్. చప్పుడు ఒక్కసారిగా జోరందుకుంది.

తన మాట ఆగింది. చప్పుడూ ఆగింది. ఎవరో చెవులు రిక్కించి వింటున్నట్టు.

"పోదాం పదమ్మా," అంది మునికుమార్ గొంతు.

ఇక ఆ చప్పుడుకు ఆగడమే లేదు. రికార్డింగ్ అయిపోయేదాకా కొడుతూనే ఉంది.

సుప్రియ ఇయర్‌ఫోన్లు లాగేసింది. పుంగనూరులో బస్సు దిగిపోయి మునికుమార్‌కు ఫోన్ చేసింది.

"అన్నా, అది పిట్ట కాదు. మనిషి! ఆ పొదల్లో ఏముండాది?"

"ఏముంటుందమ్మా, ముళ్ళు, పాములు..." మునికుమార్ గొంతు సన్నబడింది. "పాడుబాయి ఒకటుండాది. మేమంతా ఎప్పుడో మరిచిపోయినాం."

ఆమె తిరుగు బస్సులో చేరేసరికి పొద్దు వాలుతోంది. ముళ్ళపొదలు నరికి బావి దాకా దారి చేసేసరికి అంత పొద్దైంది; అందరూ గుమిగూడి ఉన్నారు. ఆమె పోబోయిన దారికి నాలుగడుగుల పక్కనే, చుట్టూ ఒరగోడ లేని బావి.

బావి నోటిమీద సగందాకా ముళ్ళకంప పొందిగ్గా పేర్చి ఉంది. మిగతా సగం ఖాళీ.

మునికుమార్ తాడు పట్టుకుని దిగాడు. లోపల ఎప్పుడో కూలిపడిన ఇంకో ఎండు మాను. ఒకచోట బెరడు లేచిపోయి తెల్లగా ఉంది. పక్కన పడి ఉన్న మనిషి గుప్పిట్లో రాయి.

"ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉండాదమ్మా," అడుగు నుంచి మునికుమార్ ఏడుపు వినిపించింది. "ఊపిరి మాత్రం లేదు."

"ఒక్క కేక పెట్టింటే పొద్దున్నే తీసేవాళ్ళం కదప్పా," అన్నాడు గట్టున ఒకతను. "యాల అరవలేదో."



చనిపోయినతని ఫొటో వాట్సాప్‌లో ఊరూరూ తిరిగింది. మర్నాడు చౌడేపల్లె నుంచి ఒకామె వచ్చింది. పేరు చెంగమ్మ. బావి గట్టున పడుకోబెట్టిన శవం మొహం చూసి, అక్కడే కూలబడింది.

"పుట్టినకాడి నుంచీ మాట రాదమ్మా ఆయప్పకు," అంది సుప్రియతో.

బావి మీది కంప వంక చూసింది.

"ఏడాదిగా ఇల్లు పట్టలేదు. యాడ పాడుబాయి కనపడితే ఆడ కంప కప్పుకుంటా తిరగతాండాడు."

"యాలమ్మా?"

చెంగమ్మ కొంగుతో అతని మొహానికి అంటిన మట్టి తుడిచింది.

"నిరుడు మా పాప బాయిలో పడినప్పుడు, గట్టుమీద నిలబడి ఒక్క మనిషిని గూడా కేకేయలేకపోయిన తండ్రమ్మా ఆయప్ప."