అత్త వదిలేసిన బొంత

అటుక మీది బొంతను భూదేవి రెండు వేళ్లతో కిందికి లాగింది. ఎలుకల ఉచ్చ కంపు గుప్పుమంది.

నాలుగేళ్ల కింద అత్త సగం కుట్టి వదిలేసిన బొంత అది. అత్త పోయింది నిరుడు; రేపు ఎల్లారెడ్డిలోని ఈ ఇంట్లోనే ఆమె సంవత్సరీకం.

"అత్త పేరు మీద ఎవరికన్న ఇద్దామక్కా. ఇటియ్యి, నేను కుడత," అంది నిజాంసాగర్ నుంచి వచ్చిన చిన్న యారాలు, మరిది భార్య మణెమ్మ.

"నువ్వొద్దు, గలీజుగున్నది," అంటూ భూదేవి ముక్కుకు కొంగు కట్టుకుంది.

తుప్పుపట్టిన సూది ఒక పచ్చ ముక్కకు గుచ్చుకుని ఉంది. మామిడిపిందెల అంచు. తన పుట్టింటివాళ్లు పెట్టిన చీర.

అది పోయిందని అందరి ముందు మణెమ్మ పెట్టె బోర్లించింది తనే. అంతకు వారం ముందు పాతబట్టల మూట విప్పి చూడకుండా, బొంతకని అత్త ముందు విసిరేసిందీ తనే. ఎప్పుడు గుర్తుపట్టిందో, అత్త సూది అక్కడే ఆపేసింది. ఎవరికీ చెప్పలేదు.

కొంగు ఎంత బిగించినా కంపు ఆగలేదు. భూదేవి నల్లగుడ్డ ఒకటి చింపి ఆ పచ్చ మీద పరిచింది.

"కొత్త సూది తీసుకోరాదక్కా," అని మణెమ్మ దారం ఎక్కించి చేతికిచ్చింది.

భూదేవి దగ్గర దగ్గరగా కుట్టసాగింది.