మూడో మంచం

అత్తగారింట్లో ఎనిమిది మంది. సుచరితకీ అమరేందర్‌కీ తమదంటూ ఉన్నది గేమింగ్ కంప్యూటర్‌లో, ఇళ్లు కట్టే ఆటలో కలిసి కట్టుకున్న ఇల్లొక్కటే. పెళ్లయిన వారం నుంచి రోజుకో గోడ లేపారు. ఆ ఇల్లున్న హార్డ్ డిస్క్ ఇప్పుడు కొన ఊపిరితో ఉంది. అది పోయేలోపు కొత్తది తేవాలని సాయంత్రం పానగల్ నుంచి నల్లగొండకు బండి మీద పరుగెత్తారు.

దుకాణంలో వాడిన డిస్క్ చవగ్గా వస్తోంది. జాగా కూడా ఎక్కువే. సుచరిత ఒప్పుకోలేదు.

"ఎవలో వాడి ఇడిసిపెట్టినదాంట్ల మనిల్లు పెడ్తమా? చిన్నదైనా సీలున్నదే తీస్కో."

"తియ్, ఉండేది ఇద్దరమే గద," అని నవ్వాడు అమరేందర్.

రాత్రి అందరూ పడుకున్నాక ఆమే సీలు చింపింది. ఇల్లు కొత్త డిస్కులోకి పదిలంగా చేరింది. తలుపు తెరిస్తే అవే నీలం కర్టెన్లు, అవే రెండు మంచాలు. వాటి మధ్య మూడోది, చిన్నది, దుప్పటి కప్పి ఉంది.

సుచరిత మురిసిపోయింది. "నాకు చెప్పకుంట ఎప్పుడు పెట్టినవ్? అప్పుడే గంత తొందరా నీకు?"

"నేనెక్కడ పెట్టిన? నువ్వే పెట్టి నన్ను ఆట పట్టిస్తున్నవ్."

"ఒట్టు, నేను గాదు."

నవ్వులు ఆగాయి. అతను మంచం తీసేయబోతే ఆమె చెయ్యి పట్టుకుంది.

"జర ఆగు. లేస్తదేమో."

అలా ఎందుకన్నదో ఆమెకే తెలియదు. ఇద్దరూ దగ్గరగా జరిగి ఊపిరి బిగబట్టారు. స్పీకర్ల తీగ ఊడదీసే ఉంది. అయినా తెర లోపల ఎవరో నిద్రలో చిన్నగా మూలిగి, ఇటువైపు ఒత్తిగిలారు.