గుమ్మం మీది కలబంద

ఒక ఇంటి గుమ్మానికి దిష్టి తగలకుండా కలబందను వేలాడదీశారు. చెయ్యి కాలినా, జుట్టు పొడిబారినా ఆ ఇంట్లో వాళ్లు దాని గుజ్జే రాసుకునేవారు. అందుకని కలబందకు తాను మందునని గట్టి నమ్మకం.

ఒకరోజు పిల్లిపిల్ల వేడి పాలలో మూతి పెట్టి నాలుక కాల్చుకుంది. ఏడుస్తూ వచ్చి గుమ్మం పక్క కిటికీ ఎక్కింది.

"అయ్యో నా బంగారూ! నా ఆకు నమిలి చూడు, చల్లగా ఉంటుంది," అంది కలబంద, ఆకు వంచి.

కిటికీలో సీసా నీళ్లలో పెరుగుతున్న మనీ ప్లాంట్ ఒక్క అరుపు అరిచింది. "వద్దే పిల్లా! నేనూ ఆ కలబంద అత్తా ఇద్దరం నీకు విషమే."

"దాని మాటకేం గానీ, దాన్ని ఎవరైనా ఒంటికి రాసుకున్నారా? ఓర్వలేక అంటోంది," అంది కలబంద.

పిల్లిపిల్ల నమిలింది. చూడండి, గుజ్జు చల్లదనం నిజమే, పిల్లులకు ఆ ఆకులో విషం ఉండటమూ నిజమే. మూడు రోజులు వాంతులతో సొమ్మసిల్లి పడి ఉంది. ఎలాగో బతికింది కానీ, ఆ తరవాత గుమ్మం వైపు రాకుండా పెరటి దారినే తిరిగింది.

"పోనీలే అత్తా, మంచికే ఇచ్చావు," అంది మనీ ప్లాంట్.

"మంచికే ఇచ్చాను," అంది కలబంద. "నీకు పడుతుందా అని పిల్లిపిల్లను మాత్రం అడగలేదు."