అచ్యుతంగారి వాంగ్మూలం

కాకినాడలో హత్య కేసులు తేలికైపోయి పదేళ్లయింది. మనిషి పోయినా అతని జ్ఞాపకాలూ, గొంతూ ఇంట్లో ఒక పెట్టెలో ఉంటాయి. ఎవరు చంపారో అతన్నే అడగవచ్చు. పెట్టెను ఒకసారి ఆపితే మాత్రం మళ్లీ పలకదు.

అచ్యుతంగారు నెల క్రితం కాఫీ తాగుతూ కూలిపోయారు. తమ్ముడికి అనుమానం వచ్చి డిటెక్టివ్ సోమశేఖరాన్ని పంపాడు. పెట్టె వంటింట్లో మిక్సీ పక్కన ఉంది. భార్య వైదేహి వంకాయలు తరుగుతోంది.

"కాఫీలో ఏం కలిసిందండీ?" అని సోమశేఖరం పెట్టెను అడిగాడు.

"పంచదారండి. ఆవిడ కాఫీకి వంక పెట్టలేం."

"భయపడకండి. పోయినవాళ్లను ఇంకెవరేం చేస్తారు?"

వైదేహి లేచి వచ్చి స్విచ్ మీద వేలు ఆనించింది. "ఏవండీ, దుమ్ము పట్టింది. ఒక్క నిమిషం ఆపి తుడవనా?"

"వద్దు వైదేహీ! గుండెపోటు సార్, రాసుకోండి."

ఆమె కొత్తిమీర కోసం పెరట్లోకి వెళ్లగానే సోమశేఖరం వంగి, "నాతో వచ్చేయండి. కోర్టు మిమ్మల్ని భద్రంగా చూసుకుంటుంది," అన్నాడు.

"బీరువాలో పెట్టి తాళం వేస్తారు. అక్కడ నాతో మాట్లాడేదెవరండీ?" పెట్టె గొంతు తగ్గించింది. "ఆవిడ చంపింది ఒక్కసారే. పలకరించేది రోజూ."

సోమశేఖరం గుండెపోటనే రాశాడు. పోయినవారి వాంగ్మూలం కింద భార్య సంతకం చేయాలని చట్టం. వైదేహి చెయ్యి కడుక్కుని వచ్చి, కళ్లజోడు పెట్టుకుని, ప్రతి అక్షరం చదివి సంతకం చేసింది.