పక్కన నిలబడ్డ కొంగ

ఒక మడుగు ఒడ్డున కొంగలకు ఓ కట్టుబాటు ఉండేది. గేదె వీపెక్కి ఎంతసేపైనా ఊరేగవచ్చు, పురుగులు ఏరుకు తినొచ్చు. గేదె పక్కన నిలబడి నీళ్లు మాత్రం తాగకూడదు. తెల్లవాళ్ల రేవు వేరు, నల్లవాళ్ల రేవు వేరు.

తుమ్మి అనే కొంగ రెక్కలొచ్చినప్పట్నుంచీ నేరేడు అనే గేదె వీపు మీదే పెరిగింది. తన కష్టసుఖాలన్నీ అక్కడ కూర్చునే చెప్పుకునేది. ఓ మిట్టమధ్యాహ్నం నేరేడు నీళ్లు తాగుతుంటే తుమ్మికీ దాహమేసింది. కిందికి దిగబోయింది.

“దిగావో, మన తెలుపు మాసిపోతుంది!” అని అవతలి రేవు నుంచి ముసలి కొంగ కేకేసింది.

“వీపు మీద కూర్చుంటే మాయనిది, పక్కన నిలబడితే మాస్తుందా తాతా?”

“ఎదురు చెప్పకు! దిగితే ఇక మా చెట్టు మీద వాలొద్దు.”

“వద్దమ్మా, నిన్ను వెలేస్తారు,” అంది నేరేడు మెల్లగా.

తుమ్మి ఓసారి తమ చెట్టు వైపు చూసింది. అయినా దిగింది. నేరేడు పక్కనే నిలబడి, మెడ వంచి, కడుపునిండా నీళ్లు తాగింది.

నేరేడు తాగడం మానేసి దాన్నే చూస్తూ ఉండిపోయింది.

“ఏంటత్తా, అలా చూస్తావ్?”

“ఇన్నాళ్లూ మోశాను కానీ తల్లీ, నీ మొహం చూడటం ఇదే మొదలు.”