లేవి కంచం

“అంత ముద్ద ఎవరికమ్మా?” కృపమణి ఉండబట్టలేక అడిగేసింది.

“ఇంకెవరికి? మీ నాయనకే.” జ్ఞానమణి కొర్ర సంగటిని తడిచేత్తో మరోసారి గుండ్రంగా అదిమి, పక్కన ఇంత చెనక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టింది. “కండ్లు పెట్టొద్దు మే. తిననీ.”

తినడమా! లేవి గొంతులో రాచపుండు లేచి గంజి దిగడమే గగనమైపోయింది. మిషనాసుపత్రి దొర చూసి, ఇది కత్తికి అందే జబ్బు కాదు, ఇంటికి తీసుకుపోయి సుఖంగా చూసుకోండని చెప్పేశాడు. బేతంచెర్ల గనుల్లో నాపరాళ్ళు చీల్చిన చేతులు, ఇప్పుడు దుప్పటి లాక్కోవడానికే అలిసిపోతున్నాయి.

అలాంటి మనిషికి, యుద్ధం పుణ్యమా అని గింజ దొరకని ఆ రోజుల్లో, అంతంత ముద్దలు! జ్ఞానమణి తన ముద్దను సగం చేసుకుని మరీ అది పెద్దది చేసేది. పైగా ఆదివారం గుళ్ళో లేచి నిలబడి సాక్ష్యం చెప్పేది.

“నేను పెట్టిన కంచం ఖాళీగా తిరిగొస్తాండాది. దేవునికి స్తోత్రం.”

ఆడవాళ్ళంతా కొంగులతో కళ్ళొత్తుకునేవాళ్ళు. కృపమణికి మాత్రం గుండెల్లో రాయి పడేది. నాయన బాగుపడతాడని అమ్మ ఇంత గట్టిగా నమ్ముకుంటే, రేపు ఆయన పోయిన నాడు ఏమైపోతుంది? మళ్ళీ దేవుడి ముందు మోకరిస్తుందా? నాయన ఎలాగూ దక్కడు, అమ్మన్నా దక్కాలి కదా!

అయితే కంచం ఖాళీగా వచ్చే మాట నిజమే. అదెలాగో ఒక మధ్యాహ్నం తెలిసింది.

గనిలో కూలికి పోయి పెందలాడే వచ్చిన కృపమణి గడపలోనే ఆగిపోయింది. నాయన మంచం వెనక కిటికీ పక్కనే ఉంది. గాలి ఆడుతుందని అమ్మే అక్కడికి లాగించింది. నాయన మోచేతి మీద లేచి, సంగటి కంచాన్ని కిటికీలోంచి బయటికి అందిస్తున్నాడు. బయటినుంచి ఒక గాజుల చెయ్యి అందుకుంది.

“దినామూ ఇట్లా బాగలేదన్నా.” పక్కింటి హుస్సేన్ బీ గొంతు.

“నువ్వు తీసుకోకుంటే కంచం అట్నే ఉంటాది చెల్లీ. అది చూస్తే మా ఆడమనిషి గుండె పగులుతాది. పిల్లోళ్ళకు పెట్టి నువ్వూ తిను. నాకు మేలు చేసినట్టు.”

హుస్సేన్ బీయా! ఆమె మొగుడు ఇస్మాయిల్ పనికోసమని బొంబాయి వైపు పోయి అయిపూ అజా లేకుండా పోయాక, ఆ ఇంట్లో పొయ్యి సరిగా వెలగడం లేదని వీధిలో అంతా ఎరుగుదురు. ఆ మధ్య జ్ఞానమణి చేటెడు కొర్రలు పట్టుకుపోతే, “మాది అడుక్కుతినే కొంప కాదు వదినా,” అని గడపలోనే తిప్పి పంపింది. అప్పటినుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ఇక ఈ సంగతి అమ్మకు తెలిస్తే ఇంకేమన్నా ఉందా?

హుస్సేన్ బీ వెళ్ళేదాకా ఆగి, కృపమణి మంచం దగ్గరికి వచ్చింది. “నాయనా, ఇదేం పని?”

లేవి ఉలిక్కిపడ్డాడు. ఆ వెంటనే, దొంగతనం దొరికిపోయిన పిల్లాడిలా నవ్వాడు.

“చూస్తివా! మీ అమ్మతో అనొద్దు. నేను తింటాండానని ఆయమ్మ ధైర్నంగా ఉండాది.”

“రేపు నువ్వు...” అంటూ కృపమణి మంచం పట్టె మీద కూచుంది.

“పోతా. ప్రభువు కాడికే గదా, భయమేముండాది? పనీ పాటా లేకుండా పండుకోనుంటేనే చచ్చినట్టు ఉండ్య. ఇప్పుడు చూడు, మంచంలో ఉండి గూడా ఒక ఇంటికి కూడు పెడతాండా.”

ఆ ఎండిన మొహంలో సంతోషం చూసి కృపమణి ఏడ్చేసింది. ఎవరితోనూ అననని మాటిచ్చింది.

ఆనాటినుంచి పని నుంచి రాగానే, హుస్సేన్ బీ కిటికీలో పెట్టిపోయిన ఖాళీ కంచం తనే తెచ్చి అమ్మ ముందు పెట్టేది.

“అంతా తిన్న్యాడా?”

“తిన్న్యాడమ్మా.”

“చాలిందంటనా?”

“చాలిందంట.”

మర్నాడు ముద్ద ఇంకాస్త పెద్దదయ్యేది. కృపమణి ప్రార్థనలో తన అబద్ధానికి క్షమాపణ అడుక్కుని, మళ్ళీ అదే అబద్ధం ఆడేది. ఏం చేస్తుంది పాపం!

ఒక ఆదివారం పొద్దున, సంఘమంతా మంచం చుట్టూ నిలబడి పాట పాడుతుండగా లేవి ప్రశాంతంగా కన్నుమూశాడు. చివరి దాకా జ్ఞానమణి ఆయన చెయ్యి వదల్లేదు.

మట్టి చేసి వచ్చిన మర్నాడు ఆమె పొయ్యి ముందు కూచుంది. ఎప్పటిలాగే ఎసరు పెట్టింది. ఎప్పటంత ముద్దే చేసి లేవి కంచంలో పెట్టింది.

కృపమణికి పై ప్రాణాలు పైనే పోయాయి. తల్లి పక్కన కూలబడింది.

“అమ్మా, నాయన ల్యాడమ్మా. నన్ను కొట్టినా సరే, ఒకటి చెప్తా. నాయన ఏ పొద్దూ తినల్యా. అంతా హుస్సేన్ బీకి ఇస్తాన్న్యాడు. దేవుని మింద నీ నమ్మకం యాడ పోతాదోనని నేనూ అబద్ధం చెప్తి.”

జ్ఞానమణి కూతురి తల నిమిరింది. కళ్ళు కారుతూనే ఉన్నాయి, పెదవి మీద మాత్రం చిన్న నవ్వు కదిలింది.

“పిచ్చిదానా! గంజి దిగనోడు సంగటి ఎట్లా మింగుతాడే? ఆ మాత్రం నాకు తెలీదా?”

“తెలిసీ ఎందుకు వొండితివి మరి?”

జ్ఞానమణి కంచం తీసి కూతురి చేతిలో పెట్టింది.

“హుస్సేన్ బీ నేనిస్తే తీసుకోదని, మీ నాయన చేత ఇప్పిస్తి.”